నారాయణపేట క్లారినెట్ టేపు

రిటైరైన వాళ్లు రాసే జ్ఞాపకాల్లో తప్పులన్నీ పక్క సీటు వాళ్లవే అయి ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లల కోసం ఏదైనా రాసిమ్మని మావాళ్లు అడిగినప్పుడు నేనూ ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాను. మొదటి పేజీ పూర్తయ్యేసరికి ఇద్దరు పై అధికారులకు బుద్ధి చెప్పి, ఒక మొండి యంత్రాన్ని ఒంటిచేత్తో బాగుచేసి కూర్చున్నాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. చించేసి ఇది రాస్తున్నాను. ఇందులో పక్క సీటు ఆమె తప్పేమీ లేదు, అంతా నాదే.

మాది మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న సంస్థ. ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు, యక్షగానాలు, ఎవరింట్లో ఏ టేపు మీద ఏది మిగిలి ఉన్నా తెచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచడం మా పని. అంతకుముందు ఎన్నో ఏళ్లు వేరేచోట టేపు యంత్రాల మధ్యే బతికి వచ్చినవాణ్ని కాబట్టి అక్కడ నా మాటే వేదం. డప్పు మోత వింటే దాన్ని ఎండలో కాచారో మంట మీద కాచారో చెప్పేస్తానని గొప్పలు పోయేవాణ్ని. చెప్పలేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పట్లో ఎవరూ పరీక్ష పెట్టలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మేళ్లచెరువు నుంచి ఎనిమిది అట్టపెట్టెలు దిగాయి. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా పనిచేసి కాలం చేసిన ఒకాయన జీవితమంతా కూడబెట్టిన గ్రామఫోను రికార్డులవి. కూతురు పంపించింది. పెట్టెల అడుగున బూడిదరంగు దుమ్ము ఇంకా ఉంది. ఆయనకు జాజ్ అంటే పిచ్చి. పెద్ద హోటళ్లలో భోజనం చేస్తుంటే మెల్లగా వినిపించే రకం కాదు. అమెరికాలో కొందరు నల్లజాతి విద్వాంసులు వరస, తాళం, ముందే కట్టిన బాణీ అన్నీ పక్కన పెట్టి, ఒకరి ఊపిరి ఒకరు వింటూ అప్పటికప్పుడు పుట్టించిన సంగీతం. ఫ్యాక్టరీలో కొలిమి బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ రెండు రికార్డులు ఇచ్చిపోయాడట. అక్కడ అంటుకున్న పిచ్చి చచ్చేదాకా వదల్లేదు. హైదరాబాద్‌లో ఆదివారం పేవ్‌మెంట్ల మీద వెతికి, పరదేశాలకు ఉత్తరాలు రాసి, ఒక్కొక్కటే తెప్పించుకున్నాడు.

ప్రతి రికార్డు లోపలి కాగితపు కవరు మీద పెన్సిలుతో ఆయన రాతలున్నాయి. ఒకదాని మీద ఇలా ఉంది: 'మొదటిసారి: తలనొప్పి. మూడోసారి: పెద్ద ఫిడేలు మీద చెవి పెట్టి వింటే దారి దొరికింది. ఏడోసారి: కొలిమి ఆపిన రోజు విన్నాను. ఏడుపొచ్చింది.' నేను ఆ రికార్డే వేశాను. రెండు నిమిషాలకు, సూది చెడిపోయిందనుకుని ఎత్తి, కొత్త సూది పెట్టి మళ్లీ వేశాను. సూది బాగానే ఉంది.

పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం పని ఆపి విన్నది. "సార్, పెండ్లి ఊరేగింపు అయిపోయినంక బ్యాండోళ్లు దరువు ఇడిచిపెట్టి ఊకెనే ఊదుకుంటరు సూడుండ్రి, జర గట్లున్నది" అంది. నవ్వి ఊరుకున్నాను. ఇన్నాళ్లకు ఆలోచిస్తే, మా ఆఫీసులో జాజ్ అర్థమైంది ఆ అమ్మాయి ఒక్కదానికే.

చివరి పెట్టెలో కొన్ని టేపు చక్రాలు ఉన్నాయి. ఒకదాని డబ్బా మీద పెన్సిలుతో, 'నారాయణపేట క్లారినెట్టు, డోలు. మా కాలనీ క్లబ్బు హాలు. ఇది మన జాజ్' అని ఉంది. మిగతావాటి మీద ఏ రాతా లేదు కాబట్టి వాటిని తరువాత చూద్దామని పక్కన పెట్టి, దీన్ని యంత్రం మీదికి ఎక్కించాను.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి. తెలిసినవాళ్లు టేపును పాట ముగిసిన కొస పైకి వచ్చేలా చుట్టిపెడతారు. అలా ఉంచితే టేపు చెడిపోకుండా ఎక్కువకాలం నిలుస్తుంది. దాన్ని ముందు మొత్తం వెనక్కి చుట్టుకుని అప్పుడు వినాలి. గుర్తు కోసం ముగిసిన కొసకు ఎర్ర పట్టీ అతికిస్తారు. ఆ పట్టీని చూసుకోకుండా యంత్రానికి ఎక్కిస్తే, మా దగ్గరున్న రకం యంత్రం దాన్నీ చదివేస్తుంది. పాట చివరి నుంచి మొదటికి నడుస్తుంది. ఈ పాఠం నేను పదిమందికి చెప్పినవాణ్ని.

ఆ టేపు పైకొసకు ఎర్ర పట్టీ ఉంది. నేను చూశాను. చూడలేదని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు. సిమెంటు ఫ్యాక్టరీ కెమిస్టుకు ఈ మర్యాదలన్నీ ఎక్కడ తెలుస్తాయి, ఇంట్లో ఏ రంగు దొరికితే అది అతికించి ఉంటాడు అనుకున్నాను. మీట నొక్కాను.

మొదట పావు నిమిషం ఎవరో మగమనిషి ఏదో గొణిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నారాయణపేట వైపు కన్నడం కూడా నడుస్తుంది కదా, కన్నడమేమో అనుకున్నాను. నాకు కన్నడం రాదని ఎవరికీ చెప్పడం ఇష్టంలేక ఆ ముక్కను కత్తిరించి పక్కన పెట్టాను. తరువాత క్లారినెట్టు మొదలైంది. స్వరం ఏమీ లేనిచోట నుంచి సన్నగా పుట్టి, పెరిగి పెరిగి, టక్కున తెగిపోతోంది. డోలు దెబ్బ కూడా అంతే, ముందు గాలి ఉబ్బి చివర్లో దెబ్బ. సినిమా పాటో భజనో అయితే రెండు క్షణాల్లో పట్టుకునేవాణ్ని. ఈ సంగీతం ఇలాగే ఉంటుందని ఎనిమిది పెట్టెలు విని తేల్చుకున్నాను కాబట్టి అనుమానమే రాలేదు.

నా ఒక్కడితో ఆగితే బాగుండేది. హైదరాబాద్ నుంచి ఒక రికార్డుల సేకర్త వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. రికార్డును అంచులు తప్ప ముట్టుకోడు, కవరు విప్పగానే ముందు వాసన చూస్తాడు, మధ్యలో లేబులు పక్కన చెక్కిన అంకెలను భూతద్దం పెట్టి చదువుతాడు. కెమిస్టు గారి రికార్డుల్లో మూడింటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మావాళ్లు మాటవరసకు నారాయణపేట టేపు వినిపించారు. ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆ స్వరాన్ని గమనించారా సార్? అది పుట్టడం లేదు, పెరుగుతోంది. ఇలా ఊదినవాళ్లు ప్రపంచంలో నాకు తెలిసి ఎవరూ లేరు. ఎవరీయన?"

ఎవరో అప్పటికి నాకూ తెలియదు, డబ్బా మీద ఊరి పేరు తప్ప. కాని జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. నారాయణపేట అంటే చేనేత చీరల ఊరు, మగ్గం మీద నూలు మోసే నాడె ఒక అంచు నుంచి పరుగెత్తి రెండో అంచున టక్కున ఆగుతుంది కదా, ఆ నేతగాడి చెవి అదే ఆగడాన్ని ఊపిరిలోకి తెచ్చుకుందని చెప్పాను. చెప్పిన తరువాత నాకే నచ్చింది. ఆ సేకర్త ఏదో పరదేశపు చిన్న కంపెనీతో మాట్లాడి ఆ టేపును కొత్త గ్రామఫోను రికార్డుగా అచ్చువేయించినప్పుడు, కవరు వెనక ఆ నాడె ముక్క నా పేరుతోనే వచ్చింది. విదేశీ పత్రికలో ఎవరో దాన్నే ఎత్తిరాసి మెచ్చుకున్నారు. ఆ కాగితాన్ని మా ఆఫీసు గోడకు పటం కట్టించారు.

వాద్యకారుడు బతికే ఉన్నాడని వాకబు చేస్తే తెలిసింది. నారాయణపేటలో చీరలు నేస్తూ, పెళ్లిళ్ల కాలంలో బ్యాండుతో పోయే మనిషి. డెబ్బై దాటాయి. పాత రోజుల్లో వాళ్ల బ్యాండు మేళ్లచెరువు కాలనీలో ఒక పెళ్లికి పోతే, కెమిస్టు గారు ఆయన్ను రెండు రోజులు ఆపుకుని రికార్డులు వినిపించి, చివరికి క్లబ్బు హాల్లో ఊదించాడట. ఆ రికార్డును మన దగ్గర విడుదల చేసే సభకు ఆయన్నూ ఆయన భార్యనూ పిలిపించాం. ముందుగా ఆయనకు ఒకసారి టేపు వినిపించడం ఆనవాయితీ. ప్రతి ఒగ్గు కళాకారుడికీ చేసేవాణ్ని. ఈసారి శాలువాలు, బ్యానరు, అతిథుల హడావిడిలో పడి చేయలేదు.

సభ మా ఆఫీసు హాల్లోనే, పొద్దున పదకొండుకు. హాలు నిండింది. శాలువా కప్పాక రికార్డు వేశారు. ఆయన ముందు వరసలో కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన లేచి మెల్లగా వేదిక ఎక్కి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, తప్పనుకోకుండ్రి. గిది నేనూదింది గాదు."

"అన్నా, ఎన్నేండ్ల కిందటి సంగతి అది. యాదికుండదు" అన్నాను నవ్వుతూ.

"యాది సంగతి గాదు సార్. నా ఊపిరి నాకు ఎర్క లేదా? నేను గట్టిగ వట్టి మెల్లగ ఇడుస్త. గీయన మెల్లగ వట్టి గట్టిగ ఇడుస్తుండు. ఉల్టా ఉన్నది సార్."

చూశారా, నా మొహం మీదే జబ్బు పేరు చెప్పాడు. ఉల్టా ఉందన్నాడు. అంతకంటే స్పష్టంగా ఏ యంత్రమూ చెప్పదు. ఆ ఒక్కమాట పట్టుకుని ఐదు నిమిషాలు పక్క గదిలోకి పోయి చూసి ఉంటే అంతా అక్కడే తేలిపోయేది. కాని ఎదురుగా హాలు ఉంది, గోడ మీద ఆ పత్రిక పటం ఉంది. ముందు వరసలో ఆ సేకర్త నా మొహంలోకే చూస్తున్నాడు. నేను మైకు అందుకున్నాను.

"పెద్దాయన ఇది తనది కాదంటున్నారు" అన్నాను. "గొప్ప కళాకారులు ఇట్లనే ఉంటారు. వాళ్ల గొప్పతనం వాళ్లకే యాదికుండదు. దాన్ని యాదికి తెచ్చేందుకే మనమున్నది."

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఆయన చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాడు. శాలువా జారుతుంటే పట్టుకున్నాడు.

"గింతమంది సదువుకున్నోళ్లు అంటున్నరంటే నాదే గావచ్చు" అన్నాడు చివరికి, నాకు మాత్రమే వినపడేలా. "చెవులు మందమైనయేమో సార్."

ఆయన భార్య నవ్వలేదు. కింద నుంచి నన్నే చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి నేను అతిథులకు మంచినీళ్లు అందాయా లేదా అని వెతుక్కుంటూ పోయాను.

ఏడెనిమిది నెలల తరువాత ఒక మధ్యాహ్నం, పక్క సీటు అమ్మాయి కెమిస్టు గారి మిగతా టేపులు ఎక్కిస్తోంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "సార్, గిది ఇనుండ్రి. ఆయన బిడ్డ పద్యం సదువుతున్నట్టుంది, మొత్తం ఎనక నుంచి ముందుకొస్తున్నది. గీయన టేపులన్నీ కొస పైకి వెట్టి సుట్టిండు సార్. ఎర్ర పట్టీ గూడ అంటువెట్టిండు. ఎంత పద్ధతి మనిషి!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గభాలున అన్నాను, "నారాయణపేటది సరిగానే ఉంది. నేను చూసుకునే ఎక్కించిన."

ఆమె దాని ఊసే ఎత్తలేదు. అప్పుడు ఎత్తింది నేను. ఆమె నవ్వు ఆగిపోయింది. నన్ను ఒక్క క్షణం చూసి, "అవును సార్" అని మళ్లీ పనిలో పడింది.

ఆమె చాయ్‌కి బయటికి పోగానే తలుపు దగ్గరగా వేసి, కత్తిరించని పాత ఫైలు తీసి కంప్యూటర్‌లో తిరగేశాను. ఒక్క మీట నొక్కితే అయిపోయే పని. డోలు దెబ్బ ఠంగుమని పడింది. క్లారినెట్టు గట్టిగా అందుకుని, మెల్లగా, అవతలి గదిలోకి నడిచిపోయే మనిషిలాగా వదిలింది. ఆయన చెప్పినట్టే. నాకు సంగీతం పెద్దగా తెలియదు, కాని అది ఒక మనిషి మరో మనిషితో తీరిగ్గా మాట్లాడుతున్నట్టే ఉంది. ఆ కెమిస్టు దేనికి ఏడ్చాడో నాకు మొదటిసారి అర్థమైంది. చివర, నేను కన్నడమనుకుని కత్తిరించిన చోట, శుభ్రమైన తెలుగులో ఆ కెమిస్టు గొంతు: "వద్దు వద్దు, ఇంకోసారి వద్దు. ఇదే ఉండనీ. ఇట్లనే ఉండనీ."

బయట ఆమె అడుగుల చప్పుడు వినగానే ఫైలు మూసేసి తలుపు తీశాను.  

అప్పుడైనా చెప్పవచ్చు. రిటైర్మెంటుకు కొద్ది నెలలే ఉంది. చెబితే రికార్డు వెనక్కి తీసుకోవాలి, పరదేశపు కంపెనీకి రాయాలి, గోడ మీద పటం దించాలి. మా సంస్థ పరువు పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంది ఆ సంజాయిషీ. ఆ అమ్మాయి ఆ తరువాత నన్ను సందేహాలు అడగడం మానేసింది. పని వచ్చి మానేసిందని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు.

చివరికి ఆ మౌనమే నన్ను లేపింది. రిటైర్మెంటుకు వారం ముందు, సరైన పాటను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నారాయణపేట బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. అన్నా, తప్పు నాది, నీ చెవులు మంచిగున్నయి. ఇంతే చెప్పాల్సింది. దీనికి రెండు గంటల వల్లె కావాల్సి వచ్చింది.

ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. వెనక గోడకు మేకు కొట్టి మా రికార్డును కవరుతో సహా తగిలించాడు. దాన్ని వినే యంత్రం ఆ ఇంట్లో లేదు. నన్ను చూడగానే పైకి లేచి, చేతులు తుడుచుకుని, ఆయన భార్యను చాయ్ పెట్టమన్నాడు.

"మీరే రావాల్నని సూస్తున్న సార్. ఆ దినం నలుగురిల మిమ్ముల పరేశాన్ జేసిన. మాఫ్ జేయుండ్రి."

"అట్లనకు అన్నా. అసలు నేను వచ్చింది..."

"జర ఆగుండ్రి సార్." లోపలికి పోయి క్లారినెట్టు తెచ్చుకున్నాడు. "నా పాట నేనే మర్సిపోయిన. గా దినం మీ ఆఫీసోళ్లు నా ఫోన్ల ఎక్కిచ్చిచ్చిన్రు గదా, దినాం ఇనుకుంట మల్ల నేర్సుకున్న. బ్యాండుకు పోవుడు గూడ బంద్ వెట్టిన. ఇనుండ్రి."

ఊదాడు. ఏమీ లేనిచోట నుంచి స్వరాన్ని సన్నగా లాగి, పెంచి పెంచి, నాలుకతో టక్కున తుంచాడు. మళ్లీ. మళ్లీ. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగి, చెయ్యెత్తి నన్ను ఉండమని సైగ చేసి, ఆగినచోట నుంచే అందుకున్నాడు. నా తప్పును ఆయన ఒక్క స్వరం పొల్లుపోకుండా కంఠతా పట్టాడు.

ముగించి, ఆయాసపడుతూ, బడిపిల్లవాడిలా నా మొహంలోకి చూశాడు.

"కలిసిందా సార్?"

"కలిసింది అన్నా" అన్నాను.

ఆయన సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక అలా అన్నానని మీకు చెప్పవచ్చు. చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆయన క్షమించమని అడిగిన తరువాత, ఆ క్షమాపణను తిరిగి ఆయన చేతికే ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. చాయ్ తాగి, రికార్డును గోడకు బాగా తగిలించారని మెచ్చుకుని లేచాను. వారం తరువాత శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. నిరుడు ఆయన పోయాడని తెలిసింది. ఇది చదివిన మీలో ఎవరైనా ఆ కవరు మీది నా పేరును కొట్టేసి, పాటను సరైన వైపు నుంచి మళ్లీ అచ్చువేయిస్తే అడ్డు చెప్పను. మా ఆఫీసు కంప్యూటర్‌లో పాత ఫైలు అలాగే ఉంది. పట్టీలు చూసుకోండని మీకు వేరే చెప్పక్కర్లేదు, మీరు చూసుకుంటారు. తప్పు ఎత్తిచూపిన మనిషి చదువుకోనివాడైతే, ఆ ఒక్కసారి మాత్రం పనాపి వినండి.

ఆ రోజుది ఒక్కటి మిగిలింది. అదీ చెప్పేస్తాను. బస్టాండు దాకా ఆయన భార్య నాతో నడిచి వచ్చింది.  బస్సులు నిలిచే చోటికి వచ్చాక అడిగింది.

"సార్, ఒక మాట. ఆయన మునుపు పొద్దుగాల మగ్గం ఎక్కకముందు ఒకటి ఊదేటోడు. మేళ్లచెర్ల ఊదిన గదే పాట అనేటోడు. నా పెండ్లైనకాడికెల్లి ఆయన ఊదుడు ఇంటున్న గని, నాకు గదే పానం. ఇప్పుడు ఊదుమంటె గది తప్పు పాట అంటడు. ఊదబోయినా రాదు ఆయనకు, గీ కొత్తదే అడ్డమొస్తది. గా పాతది ఎవరితాన్నన్న ఉంటదా సార్?"

పెన్‌డ్రైవ్ నా చొక్కా జేబులో ఉంది.

"లేదు వదినె" అన్నాను. "ఎవరి దగ్గరా లేదు."

ఆమె సరేనంది. బస్సు వచ్చేదాకా నాతోపాటే ఎండలో నిలబడింది.